40 అంటే ఎంత?

40 అనే అంకెను కాగితం మీద రాసి, ఇదేంటని నలుగురిని అడిగి చూడండి. మా యెమ్మిగనూరులో మగ్గం ముందు కూర్చున్నాయన నూలు నంబరు అంటాడు. 840 గజాల చిలపలు నలభై కలిస్తే ఒక పౌను తూగే నూలన్నమాట. మెయిన్‌ఫ్రేమ్ మీద పనిచేసేవాడు దాన్ని హెక్సాడెసిమల్‌గా చూసి "స్పేస్, ఖాళీ జాగా" అంటాడు. మామూలు డెస్క్‌టాప్ మీద పనిచేసేవాడు అదే హెక్సాడెసిమల్ 40ని ఈమెయిల్ అడ్రసులో వచ్చే @ గుర్తంటాడు. కోబాల్ ప్రోగ్రామ్‌లో ప్యాక్డ్ డెసిమల్ ఫీల్డు చూస్తున్నవాడైతే "నాలుగూ, సున్నా, అంతే కదా" అంటాడు.

నలుగురూ చెప్పింది కరెక్టే. కాకపోతే నూలు కట్ట మీద నంబరు రాసిన చీటీ ఉంటుంది. బైటు మీద ఏ చీటీ ఉండదు. నేను చెప్పదల్చుకున్నదంతా ఈ చీటీ గురించే. ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి డేటా పంపడమంటే బైట్లు పంపడం ఒక్కటే కాదు, ఆ బైట్లను ఎలా చదవాలో కూడా రాసి పంపడం. అది లేకుండా పంపేకంటే అసలు పంపకపోవడమే నయం. ఎందుకో చెప్తాను.

మెయిన్‌ఫ్రేమ్ అంటే "అమీర్‌పేట్‌లో మా బావ నేర్చుకున్నదే కదా, వైటూకే టైములో" అనేవాళ్ళ కోసం రెండు ముక్కలు. మిగతావాళ్ళు ఈ పేరా దాటేసి వెళ్ళిపోవచ్చు. మన డెస్క్‌టాప్‌లూ, లైనక్స్ సర్వర్లూ అక్షరాలను ఆస్కీ పద్ధతిలోనో, దాని మీద కట్టిన యూనీకోడ్ పద్ధతుల్లోనో దాస్తాయి. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లు ఎబ్సిడిక్ అనే ఇంకో పద్ధతిలో దాస్తాయి. 1964లో సిస్టమ్/360తో వచ్చిందది, ఇప్పటికీ ఉంది. ఇంగ్లీషు పెద్ద 'ఎ' ఆస్కీలో 65, ఎబ్సిడిక్‌లో 193. సున్నా అనే అంకె ఆస్కీలో 48, ఎబ్సిడిక్‌లో 240. స్పేస్ ఆస్కీలో 32, ఎబ్సిడిక్‌లో 64. ఆ 64నే హెక్సాడెసిమల్‌లో రాస్తే పైన చెప్పిన 40. అది చాలదన్నట్టు ఎబ్సిడిక్‌లో కూడా ఒకటి కాదు, దేశానికో కోడ్ పేజీ ఉంటుంది. అమెరికాలో 037, ఇంకోచోట 500, యూనిక్స్ సర్వీసుల్లో 1047. అక్షరాలూ అంకెలూ దాదాపు అన్నిట్లో ఒకటే గానీ, స్క్వేర్ బ్రాకెట్ లాంటివి ఒకదాంట్లో ఒకచోట, ఇంకోదాంట్లో ఇంకోచోట ఉంటాయి.

సరే, ఇప్పుడు మెయిన్‌ఫ్రేమ్ నుంచి ఒక ఫైలు తెచ్చి, ఏమీ మార్చకుండా డెస్క్‌టాప్‌లో తెరిచారనుకుందాం. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఆదోని అని ఉన్నచోట నెత్తిన గీతలూ, చుక్కలూ ఉన్న ఐదు యూరప్ అక్షరాలు కనిపిస్తాయి. ఫీల్డులో మిగిలిన స్పేసులన్నీ వరసగా @@@@@ అని నిలబడతాయి. కొత్తగా చేరినవాళ్ళు ఇది చూసి కంగారు పడతారు. నన్నడిగితే ఇంతకంటే మంచి తప్పు ఇంకోటి లేదు. చూడగానే తప్పని తెలిసిపోతుంది కాబట్టి ఎవడూ దాన్ని ప్రొడక్షన్‌లోకి ఎక్కించడు. పది నిమిషాల్లో ఎవరో ఒకరు "మార్చకుండా తెచ్చావు" అని చెప్తారు. చదవలేని చెత్త మనకు శత్రువు కాదు. చదవడానికి శుభ్రంగా ఉండి తప్పుగా ఉన్నదే శత్రువు.

ఇక్కడే ఉంది అసలు తిరకాసు. కోబాల్ ఫైళ్ళలో పేర్లూ, ఊర్లూ అక్షరాలుగా ఉంటాయి గానీ, డబ్బులు చాలాసార్లు ప్యాక్డ్ డెసిమల్‌లో, అంటే కాంప్-3లో ఉంటాయి. ఒక్కో బైటులో రెండేసి అంకెలు, చివరి అరబైటులో ప్లస్సో మైనస్సో. ఇవి అక్షరాలు కావు. ఫైలు మొత్తాన్నీ ఒకే గాటన కట్టి "ఎబ్సిడిక్ నుంచి ఆస్కీకి మార్చు" అని టూల్‌కి ఇస్తే, ఆ టూల్ పాపం వీటిని కూడా అక్షరాలే అనుకుని మార్చేస్తుంది. దానికెలా తెలుస్తుంది? చీటీ లేదు కదా.

ఒక లెక్క చేసి చూద్దాం. ఆదోని పత్తి మార్కెట్ మన రాష్ట్రంలో పెద్ద మార్కెట్లలో ఒకటి, అక్కడ ధర క్వింటాలు లెక్కన పలుకుతుంది. క్వింటాలు 5,400 రూపాయలు అనుకోండి. (యార్డు లెక్కలు మెయిన్‌ఫ్రేమ్‌లో ఉంటాయని కాదు, ఊహ కోసం.) ఐదంకెల రూపాయలు, రెండంకెల పైసలు పట్టే కాంప్-3 ఫీల్డులో ఇది నాలుగు బైట్లు: 05 40 00 0సి. చివరి సి అంటే ప్లస్. దీన్ని 037 కోడ్ పేజీ నుంచి లాటిన్-1కి మార్చే టేబుల్‌లోంచి పోనిద్దాం. ఎబ్సిడిక్‌లో 05 అంటే ట్యాబ్, ఆస్కీలో ట్యాబ్ 09. ఎబ్సిడిక్‌లో 40 అంటే స్పేస్, ఆస్కీలో స్పేస్ 20. 00, 0సి అలాగే ఉంటాయి. బయటికొచ్చేది 09 20 00 0సి. మళ్ళీ ప్యాక్డ్ డెసిమల్‌గా చదివితే 9,200 రూపాయలు!

చూశారా? ప్రోగ్రామ్ ఆగలేదు. ఎర్రర్ రాలేదు. పత్తి క్వింటాలు 9,200 అంటే నమ్మలేని ధర కూడా కాదు. పైనుంచి కిందిదాకా చూసినా ఎవరికీ అనుమానం రాదు.

ఇప్పుడు గుండు అంకెలు తీసుకోండి. ఇదే ఫీల్డులో, ఇదే టేబుల్‌తో:

1,000 అలాగే 1,000.
2,000 అలాగే 2,000.
3,000 అలాగే 3,000.
4,000 చెల్లని అంకె అవుతుంది.
5,000 కాస్తా 9,000.
6,000 కాస్తా 86,000.
7,000 చెల్లదు.
8,000 కాస్తా 97,000.
9,000 చెల్లదు.

టెస్టింగ్‌కి డేటా తయారు చేయమంటే మనవాళ్ళు ఏం పెడతారో మీకు తెలుసు. 1000, 2000, 3000. మూడూ పాసవుతాయి. అందరూ పచ్చ టిక్కులు పెట్టుకుని టీ తాగడానికి వెళ్తారు.

ఇదేదో పుస్తకాల్లో లెక్క అనుకోకండి. నేను పనిచేసిన ఒక మైగ్రేషన్ ప్రాజెక్టులో సరిగ్గా ఇలాంటిదే జరిగింది. క్లయింటు ఒక విదేశీ బీమా సంస్థ. మేం చేరేటప్పటికే ముందు టీమ్ ఫైళ్ళన్నీ "కన్వర్ట్ చేసి" పెట్టింది. ఒక అక్షరానికి ఒక అక్షరం లెక్కన మార్చారు కాబట్టి ఫైలు సైజు ఒక్క బైటు కూడా తేడా లేదు, రికార్డుల సంఖ్య సరిపోయింది. పేర్లు, అడ్రసులు చక్కగా చదవగలిగేలా ఉన్నాయి. చెల్లని అంకెలున్న రికార్డులు ఎర్రర్ ఫైల్లో పడ్డాయి. అందరి దృష్టీ ఆ ఎర్రర్ ఫైలు మీదే, రోజూ దాని మీదే మీటింగు. ఎర్రర్ రాకుండా లోపలికి వెళ్ళిపోయినవాటి గురించి అడిగినవాడు లేడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఒక సీనియర్ మాత్రం "రికార్డులు లెక్కపెట్టడం కాదు నాయనా, డబ్బులు కూడండి" అన్నారు. పాత సిస్టమ్‌లో మొత్తం ఎంత, కొత్త సిస్టమ్‌లో మొత్తం ఎంత? ఆ ఒక్క ప్రశ్నతో మూడు వారాల పని బూడిదలో పోసినట్టు తేలింది. ఇంకా లైవ్‌కి వెళ్ళలేదు కాబట్టి సరిపోయింది. వెళ్ళుంటే? అక్కడ ఒక్కో రికార్డు వెనకా ఒక పెన్షనో, ఒక క్లెయిమో ఉంది.

ఇలాంటివి బయటపడ్డప్పుడల్లా మన ఆఫీసుల్లో వినపడే మాట ఒకటుంది: "ఆ దిక్కుమాలిన ఎబ్సిడిక్ వల్లే." దీంతో నేను ఒప్పుకోను. ఎబ్సిడిక్ మీద జోకులు వెయ్యడం తేలిక. ఎ నుంచి జెడ్ దాకా లూప్ వేస్తే 26 రావాల్సిన చోట 41 స్థానాలు వస్తాయి, మధ్యలో పదిహేను అక్షరాలే కావు. నిజమే. కానీ దానికి కారణం ఉంది. అప్పట్లో డేటా అంటే పంచ్ కార్డులు. ఇంగ్లీషు అక్షరాలను కార్డు మీద తొమ్మిది, తొమ్మిది, ఎనిమిదిగా మూడు గుంపులు చేసి కొట్టేవాళ్ళు. కార్డులో ఉన్న ఆ గుంపులే ఎబ్సిడిక్‌లోకి వచ్చాయి. ఉన్న కార్డులూ, ఉన్న యంత్రాలూ పారెయ్యకుండా ముందుకెళ్ళడానికి ఆనాటివాళ్ళు చేసుకున్న ఏర్పాటది. ఆస్కీ మొదటి ప్రమాణం 1963లోనే వచ్చింది. 1968లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ తమ ప్రభుత్వం కొనే కంప్యూటర్లన్నీ ఆస్కీని అర్థం చేసుకోవాలని ఉత్తర్వే ఇచ్చాడు. అయినా మెయిన్‌ఫ్రేమ్‌లో ఎబ్సిడిక్ పోలేదు. రెండు పద్ధతులుండటం తప్పు కాదు. ఆదోని యార్డులో పత్తికి క్వింటాలు లెక్క, అదే పత్తి జిన్నింగ్ అయ్యాక దూదికి కాండీ లెక్క. కాండీ అంటే 356 కిలోలు. రెండు లెక్కలున్నాయని ఏ వ్యాపారీ నష్టపోడు, ఎందుకంటే ధర చెప్పేటప్పుడే దేనికో చెప్తాడు. వట్టి అంకె చెప్పి ఊరుకునేది మనమే.

అన్నట్టు, ఇది ఇంగ్లీషువాళ్ళ గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ళకి ఒక మాట. ఈ చీటీ లేని జబ్బుతో మన తెలుగు పడ్డంత బాధ ఎబ్సిడిక్ కూడా పడలేదు.

మా ప్రాంతం సంగతే చూడండి. ఆదోని 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఇప్పటికీ ఆదోని బజార్లో ఒకే అంగట్లో తెలుగూ కన్నడమూ రెండూ వినపడతాయి. మన దేశం 1991లో ఇస్కీ అనే ప్రమాణం చేసుకుంది. అందులో తెలుగు 'క'కీ, కన్నడ 'క'కీ, హిందీ 'క'కీ ఒకటే కోడు, 179. ఏ లిపిలో చూపించాలో వేరే గుర్తు చెప్పాలి. ఆలోచన గొప్పదే, ఒకే రాతను ఏ లిపిలో కావాలంటే ఆ లిపిలో చూసుకోవచ్చు. కానీ ఆ గుర్తు జారిపోయిందంటే ఆదోనిలో రాసింది బళ్ళారిలో కన్నడమైపోతుంది! యూనీకోడ్ ఈ గొడవ లేకుండా తెలుగుకి 3072 నుంచి 3199 దాకా, కన్నడకి 3200 నుంచి 3327 దాకా వేరువేరు వీధులిచ్చింది. తెలుగు 'క' 3093, కన్నడ 'క' 3221. సరిగ్గా 128 తేడా. పక్కపక్క ఇళ్ళే, తలుపులు మాత్రం వేరు.

ఇస్కీ అయినా కనీసం ప్రమాణం. జనం వాడింది దాన్ని కూడా కాదు. పత్రికలు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంటుతో వెబ్‌సైట్లు పెట్టాయి. ఆ ఫాంటు మన కంప్యూటర్లో లేకపోతే తెలుగు వార్త తెరిస్తే చుక్కలూ గీతలూ ఉన్న యూరప్ అక్షరాలే. పైన ఆదోనికి పట్టిన గతే! ఫైర్‌ఫాక్స్‌లో 'పద్మ' పెట్టుకుని వాటిని యూనీకోడ్‌లోకి మార్చుకుని చదివిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఈ ఫాంట్లలో కోడ్లు అక్షరాలకు కాదు, అక్షరాల ముక్కలకు. తలకట్టుకొకటి, గుడికొకటి, కొమ్ముకొకటి. పలికే వరసలో కాకుండా కనిపించే వరసలో పేరుస్తారు. ఫాంటు పేరు తెలిస్తే వెనక్కి మార్చొచ్చు. తెలియకపోతే అది వట్టి బొమ్మ.

పత్రికలు మారాయి గానీ, డీటీపీ షాపుల్లో అను ఫాంట్ల వాడకం ఇంకా పోలేదు. యెమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప గారు మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం లాంటి సంస్థల చరిత్రలు, ఊరి గుడి సావనీర్లు, స్థానిక కవుల పుస్తకాలు, ఇలాంటివన్నీ ఇరవై ఏళ్ళుగా ఏ ఊర్లో అయినా డీటీపీ చేసేది ఈ ఫాంట్లలోనే. వాటి ఫైళ్ళు ఎక్కడో ఒక హార్డ్ డిస్కులో ఉంటాయి. పదేళ్ళు పోయాక ఏ మనవడో తెరిస్తే అందులో ఏం భాష ఉందో చెప్పేవాళ్ళు ఉండాలి కదా? బీమా కంపెనీ డబ్బు తేడా వస్తే వకీళ్ళున్నారు. ఒక ఊరి జ్ఞాపకం పోతే అడిగేదెవరు?

"ఇప్పుడు యూనీకోడ్ వచ్చేసింది కదా, అన్నీ తీరిపోయాయి" అంటారా? సగం తీరాయి. కోబాల్‌లోనూ, డీబీ2లోనూ యూనీకోడ్ ఎప్పుడో వచ్చింది. కానీ ఫీల్డు కొలత బైట్లలోనే చూసే అలవాటు పోలేదు. యుటిఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడుకీ మూడు బైట్లు. మా ఊరిని కొందరు ఎమ్మిగనూరు అని, కొందరు యెమ్మిగనూరు అని రాస్తారు. 'ఎ'తో రాస్తే పది కోడ్లు, ముప్పై బైట్లు. 'యె'తో రాస్తే పదకొండు కోడ్లు, ముప్పై మూడు బైట్లు. పేరు ఫీల్డు ముప్పై బైట్లయితే మొదటిది అచ్చుగుద్దినట్టు పడుతుంది. రెండోదాంట్లో చివరి కొమ్ము ఊడి 'యెమ్మిగనూర' అవుతుంది. అది కూడా చదవడానికి బాగానే ఉంది చూడండి, ఎర్రర్ రాదు! రెండు రికార్డులూ ఒకే ఊరని కంప్యూటర్‌కి ఎప్పటికీ తెలియదు. అదే ఫీల్డు ఇరవై బైట్లయితే ఒక కోడు మధ్యలో తెగి ప్రశ్నార్థకమో, డబ్బానో మిగులుతుంది. మళ్ళీ అదే మాట, డబ్బా కనపడితే అదృష్టమే.

మరి ఏం చెయ్యాలి? కొత్త టూల్ కొనక్కర్లేదు. నా మటుకు నేను ఏ ప్రాజెక్టుకెళ్ళినా పట్టుబట్టేవి ఇవి.

ఒకటి, మెయిన్‌ఫ్రేమ్ నుంచి ఫైలు ఎప్పుడూ బైనరీలోనే తెచ్చుకోవాలి. దారిలో ఎవరూ దాన్ని "సాయం చేసి" మార్చకూడదు. వచ్చిన ఫైలు ముట్టుకోకుండా ఒక కాపీ దాచాలి. ఒక బైటుకి ఒక బైటు లెక్కన మారిస్తే వెనక్కి తెచ్చుకునే ఆశ ఉంటుంది. మధ్యలో ఏ టూలైనా తెలియని బైటు బదులు ప్రశ్నార్థకం పెట్టిందంటే ఆ సమాచారం ఇక దేవుడికే తెలియాలి.

రెండు, మార్పిడి ఫైలుకి కాదు, ఫీల్డుకి. కాపీబుక్ ముందు పెట్టుకుని ఇది అక్షరం, ఇది ప్యాక్డ్, ఇది బైనరీ అని విడగొట్టి, అక్షరాలను మాత్రమే మార్చాలి. కాపీబుక్ ఇవ్వనన్న క్లయింటుతో పని మొదలుపెట్టకూడదు. కోడ్ పేజీ నంబరు రాతపూర్వకంగా తీసుకోవాలి. "మామూలు ఎబ్సిడిక్కే" అన్నది జవాబు కాదు.

మూడు, రికార్డుల సంఖ్యతో పాటు డబ్బు మొత్తాలు రెండువైపులా కూడి చూడాలి. టెస్టు డేటాలో గుండు అంకెలు నిషేధం. 5,400 ఉండాలి, మైనస్ ఉండాలి, పైసలు ఉండాలి.

నాలుగు, తెలుగు పేరు పట్టాల్సిన ఫీల్డుకి ఇంగ్లీషు పేరుతో కొలత తీసుకోకూడదు. ఇది అడగాల్సింది డిజైన్ రోజున, లైవ్ వెళ్ళే ముందు రాత్రి కాదు.

ఐదోది ఆఫీసుది కాదు, ఊరిది. ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు తెలిసిన ప్రెస్సులో ఒక అరగంట కూర్చోండి. ముఖ్యమైన ఫైళ్ళను యూనీకోడ్‌లోకి మార్చే దారి చూపించండి. కుదరకపోతే కనీసం ఫోల్డరు పేరులో ఫాంటు పేరూ, సంవత్సరమూ రాసి పెట్టించండి. అదే చీటీ.

వీటిలో గొప్ప తెలివితేటలు కావల్సింది ఒక్కటీ లేదు. అందుకే కాబోలు ఎవరూ పట్టించుకోరు. ప్రాజెక్టు ప్లానులో "డేటా కన్వర్షన్: 2 రోజులు" అని ఒక లైను రాసి, నిన్న చేరిన కుర్రాడికి అప్పగిస్తారు. ఆ కుర్రాడు "దీనికి కాపీబుక్ ఏదన్నా?" అని అడిగితే, వాడికి తెలియక అడుగుతున్నాడని నవ్వుతారు. అడగాల్సిన ప్రశ్న వాడొక్కడే అడిగాడు. ఇంకోసారి ఎవరైనా అలా అడిగితే నవ్వకండి. ఆ కాపీబుక్ వచ్చేదాకా వాడి పక్కన నిలబడండి.